పాత లేతు కొన్నారా? రంగు డబ్బా ఇప్పుడే తెరవొద్దు

పాత లేత్ మిషన్ (ఇనుప ముక్కను తిప్పుతూ టూలుతో కోసి సాపు చేసేది) కొన్నాక చాలామంది మొదట అడిగేది "ఏ రంగు బాగుంటదన్నా?" అని. రంగు సంగతి చెప్తాను గానీ, దానికి ముందు చాలా పని ఉంది. లేతులో పని చేసేదంతా రంగు పడని ఇనుమే: టూలును మోసే క్యారేజ్ జారే బెడ్ దారులు, ఇనుప ముక్కను పట్టే చక్‌ను తిప్పే స్పిండిల్ ముక్కు, కుడి కొసన ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్ లోపలి టేపరు (పోను పోను సన్నబడే రంధ్రం), గేరు పళ్లు. ఆ జాగాలు బాగుంటే మీద రంగు పెచ్చులూడినా షాఫ్టు సాపుగా వస్తుంది. అవి పోతే పైన ఎంత మెరిసినా అది తూకానికి వేసే ఇనుమే. నేను చూసినంతలో పాత లేతులు వాడకం వల్ల పాడైనదానికన్నా, బాగుచేద్దామని కూర్చున్నవాళ్ల గ్రైండర్ కింద పాడైనదే ఎక్కువ.

మాది నల్లగొండ. మిర్యాలగూడలో రైస్ మిల్లులకు షాఫ్టులు, పుల్లీలు, ఎలివేటర్ బుష్‌లు తిప్పే లేత్ వర్క్స్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. సాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చి వరి పెరిగింది, వరి వెంట మిల్లులొచ్చాయి, మిల్లుల మీద మేం బతికాం. అదే దేవరకొండ దిక్కు, పాలమూరు దిక్కు పోతే లేతుకు పని పెట్టేది బోరు మోటార్లు. ఇప్పుడు చిన్న షాపులు ఒకటొకటే మూతపడుతున్నాయి. కోన్ పుల్లీ (మెట్లు మెట్లుగా ఉండే పుల్లీ) లేతులు తుక్కు రేటుకు కొంచెం పైన దొరుకుతున్నాయి. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్నది అట్లా ఒక మిల్లు రిపేర్ షెడ్డు నుంచి వచ్చిందే. నాలుగున్నర అడుగుల బెడ్, ఫ్లాట్ బెల్టు, ఇత్తడి ప్లేటు మీద పంజాబ్‌లోని బటాలా ఊరి పేరు.

కొనే ముందు చూడాల్సినవి

చూడబోయేటప్పుడు డయల్ గేజ్ (కొద్ది కదలికను కూడా ముల్లుతో చూపించేది), మాగ్నెట్ స్టాండు, టార్చి తీసుకుపోండి. బయటి రంగు చూసి రేటు కట్టొద్దు. బెడ్ ముందుగా అరిగేది చక్ దగ్గర, ఎందుకంటే పనిలో ఎక్కువ భాగం అక్కడే జరుగుతుంది. దాన్ని పట్టుకోవడానికి గేజ్ కూడా అక్కర్లేదు. క్యారేజ్‌ను చక్ దగ్గరికి తెచ్చి, అది ఆడకుండా, కానీ జారేటట్టు గిబ్ (జారే సందులో వదులు తగ్గించే పట్టీ) బోల్టులు బిగించండి. తర్వాత చక్రం తిప్పుతూ టెయిల్‌స్టాక్ దిక్కు పోండి. పోను పోను చేతికి బిర్రుగా తగిలితే అరుగుదల ఉన్నట్టు. కొసాకరికి కొంచెం గట్టిపడితే భయం లేదు, ఇంటి పనికి ఆ లేతు నడుస్తుంది. సగం దూరంలోనే పట్టేసి కదలనంటే మాత్రం రేటు సగం చేయండి, లేదంటే వదిలేయండి. బెడ్ గ్రైండింగ్‌కు హైదరాబాద్ తీసుకుపోయి తెచ్చే ఖర్చు లేతు ఖరీదును దాటుతుంది.

చక్‌లో మందపాటి రాడ్ పట్టించి, కింద కట్టె పెట్టి పైకి లేపి, గేజ్ ముల్లు ఎంత కదిలిందో చూడండి. గన్ మెటల్ (ఒక రకం కంచు) బుష్‌ల మీద తిరిగే పాత స్పిండిళ్లలో కొంత ఆట (వదులు) ఉంటుంది. చీలిక బుష్ అయితే షిమ్ము (సందులో పెట్టే సన్నటి రేకు) తగ్గించి బిగించవచ్చు. బ్యాక్ గేరు (స్పిండిల్ వేగం తగ్గించేది) వేసి చేత్తో మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. పన్ను విరిగి ఉంటే అక్కడ తప్పకుండా చెయ్యి ఆగుతుంది.

చుట్లు (థ్రెడ్లు) కోసేందుకు మార్చి పెట్టే చేంజ్ గేర్ల డబ్బా తెరిపించి 127 పళ్ల గేరు ఉందో లేదో లెక్కపెట్టండి. మన దగ్గర దొరికే పాత లేతుల్లో చాలావాటికి లీడ్ స్క్రూ (చుట్లు కోసేటప్పుడు క్యారేజ్‌ను నడిపే పొడుగు కడ్డీ) అంగుళాల లెక్కలో ఉంటుంది. దాని మీద మిల్లీమీటర్ చుట్లు కోయాలంటే ఈ గేరు కావాలి. 1 అంగుళం 25.4 మిల్లీమీటర్లు, 5 అంగుళాలు సరిగ్గా 127, లెక్క అంతే. నాలుగు దవడల ఫోర్ జా చక్, వంకర ముక్కలు బిగించే ఫేస్ ప్లేటు, పొడుగు రాడ్‌కు ఆసరా ఇచ్చే స్టెడీ కూడా అప్పుడే అడిగి పట్టుకోండి. తర్వాత విడిగా కొనాలంటే సికింద్రాబాద్‌లో రాణిగంజ్ చుట్టూ తిరగాలి, జేబు ఖాళీ అవుతుంది.

తేవడం, నిలబెట్టడం

నాలుగున్నర అడుగుల లేతు మోడల్‌ను బట్టి నాలుగైదు వందల కిలోలు, అంతకు పైన కూడా ఉంటుంది. బరువంతా హెడ్‌స్టాక్ (స్పిండిల్, గేర్లు ఉండే ఎడమ కొస పెట్టె) దిక్కే. అందుకని లేపే ముందు క్యారేజ్‌ను, టెయిల్‌స్టాక్‌ను కుడి కొసకు జరిపి బిగించండి, అప్పుడు తూకం నడిమికి వస్తుంది. తాడు బెడ్ కింద నుంచి పోవాలి. లీడ్ స్క్రూ మీద గానీ, స్పిండిల్ మీద గానీ బరువు పడిందంటే వంగినట్టే. హమాలీలకు ఈ మాట బండి దగ్గర కాదు, తాడు కట్టేటప్పుడే చెప్పాలి. "అన్నా, ఈ పొడుగు కడ్డీని ముట్టొద్దు" అని చేత్తో చూపించి చెప్పండి. వాళ్లకు చూడగానే పట్టుకోవడానికి అనువుగా కనిపించేది అదే.

మన ఇళ్లలో కింద షాబాద్ బండలు ఉంటాయి. సుత్తితో మెల్లగా కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే ఆ బండ కింద ఖాళీ ఉందని అర్థం. అక్కడ లేతు పెడితే బండ పగులుతుంది, బెడ్ మెలి తిరుగుతుంది. కాళ్లు వచ్చే జాగాల్లో బండ తీసి కాంక్రీటు పోసి, అది గట్టిపడేదాకా ఆగండి. ఆ లోపు విప్పే పని చేసుకోవచ్చు.

విప్పడం

స్పానర్ పట్టుకునే ముందు ఫోన్ తీయండి. ప్రతి మూలను, గేర్లు ఒకదానికొకటి ఎట్లా కలిశాయో, వాషర్ ఏ వైపు ఉందో ఫొటోలు తీసుకోండి. టెయిల్‌స్టాక్, కాంపౌండ్ (టూలు బిగించే పై స్లైడు), క్రాస్ స్లైడ్ (టూలును అడ్డంగా జరిపేది), అప్రాన్ (క్యారేజ్ ముందున్న గేర్ల పెట్టె), లీడ్ స్క్రూ, చేంజ్ గేర్లు, ఈ వరసలో విప్పుతూ పోండి. ఒక్కో భాగం బోల్టులు ఒక్కో ప్లాస్టిక్ డబ్బాలో వేసి పేరు రాయండి. షిమ్ములు కాగితం ముక్కల్లా ఉంటాయి, చెత్త అనుకుని పారేస్తారు. అవి ఏ బోల్టు కింద ఉన్నాయో ఆ బోల్టుకే దారంతో కట్టండి. గిబ్ పట్టీకి ఏ కొస ముందుందో మార్కర్‌తో బాణం గీయండి.

పాత లేతుల బోల్టులు చాలావరకు అంగుళాల సైజు. మిల్లీమీటర్ స్పానర్ పెడితే పట్టినట్టే ఉండి మూలలు గుండ్రమవుతాయి. ఒక అంగుళాల సెట్టు కొనుక్కోండి లేదా అడిగి తెచ్చుకోండి. క్రాస్ స్లైడ్ స్క్రూకు చాలా లేతుల్లో ఎడమ చుట్టు ఉంటుంది, రావట్లేదని బలం పెట్టేముందు అది గుర్తు చేసుకోండి. టేపర్ పిన్ను సన్నటి కొస వైపు నుంచే కొట్టాలి. రెండు కొసలకూ కాలిపర్ పెట్టి కొలిస్తే ఏది సన్నదో తేలిపోతుంది.

హెడ్‌స్టాక్‌ను బెడ్ మీద నుంచి లేపొద్దు. స్పిండిల్ ఆట సరిగ్గా ఉంటే దాన్ని కూడా బయటికి తీయొద్దు. ఆ రెండూ ఫ్యాక్టరీలో కూర్చోబెట్టినట్టు మళ్లీ కూర్చోబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. పూర్తిగా విప్పితేనే బాగుచేసినట్టు అనుకునేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను.

స్పిండిల్ ముక్కుకు చుట్లతో బిగించే చక్ ఏళ్ల తరబడి కదలక పట్టేసి ఉంటుంది. బ్యాక్ గేరు వేసి, చక్‌కు కడ్డీ పెట్టి సుత్తితో కొట్టడం చాలాచోట్ల చూశాను. గేరు పళ్లు రాలేది అక్కడే. బెడ్ మీద పలక పరచి, దాని మీద వెనక వైపు గట్టి కట్టెముక్క నిలబెట్టి, స్పిండిల్‌ను చేత్తో వెనక్కి తిప్పి చక్ దవడ ఆ కట్టెకు కొట్టుకునేటట్టు చేయండి. ముందు రోజు రాత్రి చుట్ల సందులో పల్చటి ఆయిల్ వేసి ఉంచితే సులువుగా వదులుతుంది. ఈ పనికి మోటారు వాడొద్దు.

మడ్డి, తుప్పు

మిల్లులో నడిచిన లేతు అయితే అప్రాన్ లోపల ఏముంటుందో ముందే చెప్తాను. తవుడులో నూనె ఉంటుంది. ఆ పొడి లేతు ఆయిల్‌తో కలిసి ఏళ్లు గడిచేసరికి తెలగపిండి అచ్చులా గట్టిపడుతుంది. నా దానిలో ఆయిల్ రంధ్రాలన్నీ దానితోనే పూడుకుపోయి ఉన్నాయి. కిరోసిన్ దొరకడం కష్టమైంది కాబట్టి డీజిల్‌లో ఒక రాత్రి నానబెట్టి, వెదురు పుల్లతో గీరితే ముద్దలుగా వస్తుంది. ఉలితో గీరొద్దు. రంధ్రాల్లోకి సన్నటి ఇత్తడి తీగ పంపి, సిరంజితో డీజిల్ కొట్టండి. అవతల నుంచి శుభ్రంగా కారేదాకా కొడుతూనే ఉండాలి. ఒక్క రంధ్రం మూసుకుని ఉన్నా ఆ బుష్ ఎండిపోయి అరుగుతుంది.

తుప్పుకు చాలా దారులున్నాయి. చిన్న బోల్టులు, హ్యాండిళ్లు నిమ్మ ఉప్పు నీళ్లలో వేయవచ్చు, లీటరుకు 50 గ్రాములు వేస్తే కొన్ని గంటల్లో వదులుతుంది. మర్చిపోయి రెండు రోజులు ఉంచితే మంచి ఇనుమును కూడా తింటుంది. స్ప్రింగులు అసలు వేయొద్దు, పెళుసుబారతాయి. తొందర లేకపోతే పశువుల దాణాలో కలిపే మొలాసిస్ ఒక పాలుకు తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి, అందులో వారం పది రోజులు ముంచి ఉంచండి. వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లు తిడతారు, కానీ ఇనుముకు మెత్తటి వైద్యం. బ్యాటరీ ఛార్జరుతో వాషింగ్ సోడా నీళ్లలో చేసే పద్ధతి కూడా మంచిదే. తుప్పు వస్తువుకు మైనస్, పనికిరాని ఇనుప ముక్కకు ప్లస్ తగిలించాలి. ప్లస్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు వాడొద్దు, అందులోని క్రోమియం విషంగా మారుతుంది. వచ్చే గ్యాస్ హైడ్రోజన్ కాబట్టి ఆరుబయటే చేయాలి, దగ్గర్లో బీడీ వెలిగించొద్దు.

ఏ పద్ధతిలో తీసినా చివర కడిగే నీళ్ల దగ్గర జాగ్రత్త. మన బోరు నీళ్లు ఉప్పగా, సున్నం ఎక్కువగా ఉంటాయి. ఆరనిస్తే తెల్లటి పొర మిగులుతుంది, దాని కింద గంటలోనే ఎర్రటి తుప్పు మళ్లీ మొదలవుతుంది. ఆఖరి కడుగుడు ఫిల్టర్ నీళ్లతో చేసి, వెంటనే గుడ్డతో తుడిచి, ఎండలో వేడెక్కించి, ఆయిల్ పట్టించండి.

బెడ్

ఇక్కడ నిదానంగా చదవండి. మా అక్క కొడుకు డిప్లొమా చదివాడు, చేతిలో పని ఉన్నవాడే. బెడ్ మీద తుప్పు మరకలు చూసి, "మామా, గ్రైండర్‌కు ఫ్లాప్ వీల్ పెడితే పది నిమిషాల పని గదా" అన్నాడు. "అల్లుడా, ఆ పది నిమిషాల్లో పోయేది యాభై ఏండ్లకు కూడా తిరిగి రాదురా" అన్నాను. గ్రైండర్ చేతిలో ఎంత స్థిరంగా పట్టినా గుంటలు పడతాయి. ఎమరీ కాగితం అయితే ఇంకో రకం చేటు. దాని గరుకు రవ్వలు పోత ఇనుము రంధ్రాల్లో ఇరుక్కుంటాయి, తర్వాత క్యారేజ్ కిందే ఉండి రోజూ కోస్తుంటాయి. మరక ఉంటే ఉండనివ్వండి. నల్ల మరక లేతును ఏమీ చేయదు, పొడుచుకొచ్చిన గీతే పాడుచేస్తుంది.

నేను చేసేది ఇది. బెడ్ మీద డీజిల్ పోసి, పాత్రలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బరుతో బెడ్ పొడుగూతా రుద్దుతాను, అడ్డంగా కాదు. గట్టి తుప్పు పెచ్చు ఉన్నచోట షేవింగ్ బ్లేడును పడుకోబెట్టి, పదును కింది ఇనుములోకి దిగకుండా తోస్తాను. తర్వాత సన్నటి ఆయిల్ స్టోన్. రాయికి ఆయిల్ రాసి, అరచేతి బరువు తప్ప ఏ బలమూ పెట్టకుండా బెడ్ మీద జరపాలి. బాగున్నచోట రాయి చప్పుడు లేకుండా పోతుంది. ఎప్పుడో చక్ బిగించే కీ పడి లేచిన ముద్ద దగ్గర మాత్రం చిన్నగా గీరుకుంటుంది, చేతికి తెలుస్తుంది. ఆ ముద్ద మీద అక్కడక్కడే తిప్పితే పైకి లేచింది మాత్రం తెగి, గుంట గుంటలాగే మిగులుతుంది. గుంట ఆయిల్ నిలుపుకుంటుంది, దానితో నష్టం లేదు.

హెడ్‌స్టాక్ పక్కన, క్యారేజ్ ఎప్పుడూ పోని జానెడు జాగాలో తుడుస్తుంటే, చిన్న చిన్న అర్ధచంద్రాల్లా స్క్రేపర్ గుర్తులు బయటపడ్డాయి. ఎవరో మనిషి చేత్తో చెక్కి సాపు చేసిన బెడ్ అది. పనిచేసే చోట అవి ఎప్పుడో అరిగిపోయాయి. మీ దానిలో ఎక్కడైనా కనిపిస్తే వాటిని "శుభ్రం" చేయకండి. అవి ఎంత లోతు మిగిలాయో చూస్తే బెడ్ ఎంత అరిగిందో తెలిసిపోతుంది.

క్రాస్ స్లైడ్ హ్యాండిల్ పావు చుట్టు ఖాళీగా తిరుగుతుంటే సాధారణంగా అరిగింది లోపలి గన్ మెటల్ నట్టు. తెలిసిన లేత్ వర్క్స్‌లో కొత్తది చేయించుకోండి. పాత స్క్రూ వాళ్లకే ఇచ్చి, దానికి సరిపోయేటట్టు చేయమనండి. స్క్రూ కూడా మధ్యలో సన్నబడి ఉంటే రెండూ కలిపి మార్చాలి, లేకపోతే కొత్త నట్టు నడిమిలో వదులుగా, కొసల్లో బిర్రుగా ఉంటుంది.

ఇక రంగు

ముందు పాత రంగు తీయాలి. నా లేతు గేర్ కవరు మీద బ్లేడు పెట్టి గీరితే పైన వెండి రంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద బూడిద రంగు, ఇంకా కింద వేలి మందాన పుట్టీ. మధ్యలో ఒకచోట ఎన్నో దసరాల కుంకుమ గట్టిపడి రంగులోనే కలిసిపోయి ఉంది. ఇన్ని పొరలేమిటని భయపడొద్దు. పోత గరుకుగా వస్తుంది కాబట్టి ఫ్యాక్టరీవాళ్లే పుట్టీ దట్టించి సాపు చేసేవాళ్లు. గట్టిగా పట్టి ఉన్న పుట్టీని వదిలేసి, డొల్లగా మోగేదాన్ని మాత్రం కొట్టేయండి. వెండి రంగు మాత్రం పూర్తిగా పోవాలి, దాని మీద కొత్త పొర సరిగా పట్టదు.

పాత రంగును పొడిగా రుద్దొద్దు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అది ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులకు చేసిన నిబంధన. పాత మిషన్ రంగులో సీసం ఉందనే అనుకుని పని చేయాలి. పెయింట్ రిమూవర్ పూసి, ఉబ్బినాక గీరి, ఆ చెత్తను పాత పేపర్లో కట్టి పడేయండి. పిల్లలు ఆడుకునే వాకిట్లో ఈ పని పెట్టుకోవద్దు. కాస్టిక్ సోడా నీళ్లు కూడా రంగును తింటాయి, కానీ అల్యూమినియం భాగాలను కూడా తింటాయి. కళ్లద్దాలు, రబ్బరు గ్లోవ్స్ తప్పనిసరి. నీళ్లలో సోడా వేయాలి గానీ సోడా మీద నీళ్లు పోయకూడదు.

పోత ఇనుము ఏళ్ల తరబడి ఆయిల్ పీల్చి ఉంటుంది. పైకి ఎండినట్టు కనిపించినా ప్రైమర్ వేశాక చేపకళ్లలా గుంటలు తేలతాయి. దీనికి మన ఎండాకాలమే మందు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట భాగాలను ఎండలో పెడితే ఇనుము చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, లోపలి ఆయిల్ చెమట పట్టినట్టు పైకి వస్తుంది. చల్లారాక థిన్నర్ గుడ్డతో తుడిచి, మళ్లీ ఎండకు పెట్టండి. తెల్లగుడ్డకు మరక అంటనిదాకా ఇదే పని. డీజిల్‌తో తుడిచి ఊరుకుంటే సరిపోదు, అది కూడా జిడ్డే వదిలిపోతుంది.

అయితే ఎండలో ఆయిల్ తీయాలి గానీ ఎండలో రంగు వేయకూడదు. కాలే ఇనుము మీద బ్రష్ పెడితే పై పొర ముందే ఆరి లోపల పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది. వానాకాలంలో తేమకు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు పాలిపోయి తెల్లబారుతుంది. దసరా తర్వాత నుంచి ఫిబ్రవరి దాకా, మంచు ఆరిపోయిన పొద్దున పూట వేయడం మేలు.

గుంటలకు కారు బాడీ పుట్టీ వాడండి. హార్డెనర్ కలిపాక చాలా తొందరగా గట్టిపడుతుంది, ఎండాకాలంలో ఇంకా తొందర. కొంచెం కొంచెం కలుపుకుని పల్చటి పొరలు వేయాలి. దాన్ని నీళ్లతో రుద్దొద్దు, పుట్టీ నీళ్లు పీలుస్తుంది. మాస్కు పెట్టుకుని 120, తర్వాత 220 నంబరు కాగితంతో పొడిగా రుద్దండి. ఈ కాగితం పని జరిగేటప్పుడు బెడ్, స్లైడ్లు అన్నీ ప్లాస్టిక్ కవరు కింద, టేపు వేసి ఉండాలి. ప్రైమర్ ఆరాక 320 నంబరు వాటర్ పేపర్ పట్టవచ్చు.

ప్రైమర్, రంగు ఒకే కుటుంబానివి కావాలి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మీద సింథటిక్ ఎనామిల్ వేసుకోండి, ఇంటి పనికి నేను చెప్పేది అదే. ఎనామిల్ మీద ఎన్‌సీ రంగు కొడితే దాని థిన్నర్ కింది పొరను లేపేస్తుంది, రెండు పొరలూ పెచ్చులుగా వస్తాయి. పీయూ (పాలీయురేథేన్) రంగు గట్టిది, కూలెంట్‌కు తట్టుకుంటుంది, నిజమే. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు గుడ్డ మాస్కు దానికి అడ్డం కాదు. పీయూనే కావాలంటే కవర్లు విప్పి, సరైన సామాను ఉన్న కారు పెయింటింగ్ షాపులో ఇవ్వండి.

ఎనామిల్‌కు టర్పెంటైన్ చాలా కొంచెం కలిపి, మంచి బ్రష్‌తో రెండు పల్చటి పొరలు. మధ్యలో ఒక రాత్రి ఆగాలి. ఈ సైజు లేతుకు ఒక లీటరు సరిపోతుంది. రంగు వేసే ముందు ఆయిల్ రంధ్రాల్లో అగ్గిపుల్లలు గుచ్చండి, తర్వాత మర్చిపోకుండా తీయండి.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. లేతుకు బూడిద రంగు వేయండి. మన దేశంలో షేడ్లకు ఐఎస్ 5 అనే ప్రమాణం ఉంది, అందులో 631 లైట్ గ్రే, 632 డార్క్ అడ్మిరాల్టీ గ్రే. షాపులో నంబరు చెప్పి తీసుకుంటే రెండేళ్ల తర్వాత మరమ్మతుకు కూడా అదే షేడు దొరుకుతుంది. లేత బూడిద మీద ఆయిల్ కారితే, రజను పడితే వెంటనే కనిపిస్తుంది. ఆపిల్ గ్రీన్ కూడా అందంగానే ఉంటుంది, పాతకాలం షాపుల్లో అదే ఎక్కువ. ఎరుపు మాత్రం వద్దు, ఆపే బటన్ ఒక్కటే ఎర్రగా ఉండాలి.

ఇత్తడి ప్లేటును చింతపండు, ఉప్పుతో మెల్లగా తోమండి, ఇంట్లో దేవుడి సామాను తోమినట్టే. అక్షరాల మధ్య నల్లరంగు ఉంటే అక్కడ చింతపులుసు ఎక్కువసేపు ఉంచొద్దు. డయల్ మీది అంకెల గీతల్లో తెల్ల ఎనామిల్ నింపి, పాత విజిటింగ్ కార్డు అంచుతో పైపైన లాగేస్తే అంకెలు కొత్తగా కనిపిస్తాయి.

కరెంటు

ఇంట్లో సింగిల్ ఫేజ్ ఉంటే 1 హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం సింగిల్ ఫేజ్ మోటారు సుఖం. పాత త్రీ ఫేజ్ మోటారే ఉంచాలంటే వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్ నుంచి త్రీ ఫేజ్ ఇచ్చే పెట్టె) పెట్టుకోవచ్చు, కానీ ముందు మోటారు ప్లేటు చదవండి. 230/415 అని రెండు ఓల్టేజీలూ రాసి ఉంటే వైర్ల కనెక్షన్‌ను డెల్టాలోకి మార్చి నడపవచ్చు. 415 ఒక్కటే ఉంటే వైండింగ్ షాపు మనిషికి చూపించాలి.

పొలం మోటారుకు పెట్టి తీసేసిన ఆటో స్టార్టర్లు చాలా ఇళ్లలో మూలన పడి ఉన్నాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు మన తెలంగాణ ప్రభుత్వమే వాటిని తీసేయమంది. "పడి ఉంది కదా" అని దాన్ని తెచ్చి లేతుకు పెట్టొద్దు. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు మోటారు దానంతట అది తిరిగిందంటే, ఆ సమయానికి మీ చెయ్యి చక్ దగ్గర ఉండొచ్చు, కీ చక్‌లోనే ఉండొచ్చు. నో ఓల్ట్ కాయిల్ ఉన్న స్టార్టర్ పెట్టండి. కరెంటు పోతే అది పడిపోతుంది, మీరు పచ్చ బటన్ నొక్కితేనే మళ్లీ లేస్తుంది. ఎర్తింగ్ బెడ్‌కు ఇవ్వాలి. బోల్టు కింద రంగు గీరేసి, మెరిసే ఇనుముకు తగిలించండి.

బిగించి, తిప్పి చూడటం

రంగు ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, కానీ లోపల గట్టిపడటానికి ఇంకో వారం, రెండు వారాలు పడుతుంది. అంతదాకా ఆయిల్ తగలనివ్వొద్దు. బిగించేటప్పుడు ప్రతి జారే ముఖానికి ఆయిల్ రాసుకుంటూ పోండి. బెడ్‌కు 68 నంబరు స్లైడ్‌వే ఆయిల్, ఆయిల్ కప్పులకు, హెడ్‌స్టాక్‌కు ప్లేటు మీద రాసిన గ్రేడు, ఏమీ రాసి లేకపోతే 68 హైడ్రాలిక్ ఆయిల్. ఆయిల్ కప్పుల్లో గ్రీజు కూరొద్దు. గ్రీజు లోపలికి దిగదు, దారి మూసేస్తుంది.

కాళ్ల కింద షిమ్ములు పెట్టి లెవెల్ చేయాలి. మేస్త్రీ వాడే మట్టం దీనికి పనికిరాదు, మీటరుకు 0.02 మిల్లీమీటర్ చూపించే లెవెల్ అడిగి తెచ్చుకోండి. దొరక్కపోతే కోతే చెప్తుంది. 40 మిల్లీమీటర్ల రాడ్ చక్ నుంచి 150 మిల్లీమీటర్లు బయటికి ఉండేటట్టు పట్టించండి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా. నడిమిని సన్నగా తీసి, చక్ దగ్గర ఒకటి, కొసన ఒకటి రెండు కాలర్లు మిగల్చండి. పదునైన టూలుతో, క్రాస్ స్లైడ్ కదపకుండా, రెండింటి మీద ఒకే పల్చటి కోత తీసి మైక్రోమీటరుతో కొలవండి. కొస కాలర్ లావుగా వస్తే టెయిల్‌స్టాక్ దిక్కు ముందు కాలు, అంటే మీరు నిలబడే వైపు కాలు, కింద సన్నటి షిమ్ము వేసి లేపండి. సన్నగా వస్తే ఆ కాలిని దింపండి. బోల్టులు బిగించినాక మళ్లీ కోసి చూడాలి, బిగింపుతో కూడా బెడ్ మెలి తిరుగుతుంది. రెండు కాలర్ల తేడా 0.02 లోపలికి వస్తే మన పనులకు చాలు. కొత్త కాంక్రీటు కుదురుకుంటుంది కాబట్టి నెల తర్వాత ఇదే కోత ఇంకోసారి తీయండి.

ఇంకో మాట. దసరాకు ఆయుధ పూజ చేస్తారు కదా, కొబ్బరికాయ బెడ్‌కు దూరంగా కొట్టండి. కొబ్బరి నీళ్లు పడిన చోట తెల్లారేసరికి తుప్పు మరక పడుతుంది. బొట్టు హెడ్‌స్టాక్ కవరు మీద పెట్టండి, అక్కడ ఎంత కుంకుమైనా పట్టుతుంది.